కొండనాలుకకు మందు

ఉద్దేశం

విరేచన ఔషధాలు సులభంగా లభిస్తాయి కాబట్టి వాటివల్ల హాని ఉండదని చాలామంది భావిస్తారు. ఆ భావన ఎంతవరకు సరియైనదో పరిశీలించడం, వాటి దుష్ఫలితాలను గుర్తించి నివారించే విధానాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

చిన్న బాధను తొలగించుకోబోయి పెద్ద బాధను కొనితెచ్చుకున్నవారిని చూసి మన పెద్దలు "కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది" అంటారు. ఈ సామెతలో హాస్యం ఉన్నా, దాని వెనుక ఒక వైద్యసత్యం ఉంది. గుణం చేయగల మందుకు దోషం చేయగల శక్తి కూడా ఉంటుంది. మోతాదు, కాలం, రోగి స్థితి అనే మూడింటిని బట్టి అది అమృతమో విషమో అవుతుంది. మలబద్ధకానికి వాడే విరేచన ఔషధాల విషయంలో ఈ సత్యాన్ని స్పష్టంగా గమనించవచ్చు.

ముందుగా మాటను పరిశీలిద్దాం. 'రిచ్' అనే సంస్కృత ధాతువుకు ఖాళీ చేయడం అని అర్థం. దానికి 'వి' అనే ఉపసర్గ చేరి విరేచనం అనే పదం ఏర్పడింది. ఖాళీ అయినదానిని 'రిక్తం' అంటాం. హద్దు మీరినదానిని 'అతిరేకం' అంటాం. ఆనందాతిరేకం అన్న మాట మనకు సుపరిచితమే. విరేచనం, అతిరేకం అనే పదాలు ఒకే ధాతువు నుంచి పుట్టడం ఆలోచింపదగిన విషయం. ఖాళీ చేయడంలో కూడా అతి పనికిరాదని ఆ బంధుత్వమే మనకు గుర్తుచేస్తున్నట్లుంటుంది.

అడవిలోని ఔషధం

ములుగు జిల్లాలోని ఏటూరునాగారం ఒకప్పటి వరంగల్లు జిల్లాలో భాగం. గోదావరి ఒడ్డున దట్టమైన అడవుల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో వేసవి రాగానే రేలచెట్లు పసుపుపచ్చని పూలగుత్తులతో నిండిపోతాయి. కోయల ఆటపాటలలో 'రేల' అనే మాట పల్లవిగా మారుమోగుతుంది. పూలు రాలిన తరువాత మూరెడు పొడవున నల్లని గొట్టాలవంటి కాయలు వేలాడుతాయి. వాటిలోని నల్లని, జిగురైన గుజ్జు విరేచనకారి. సంస్కృతంలో ఈ చెట్టును ఆరగ్వధమనీ, చతురంగులమనీ అంటారు. మృదువుగా విరేచనం చేయించేవాటిలో దీనిని, సుఖంగా చేయించేవాటిలో తెగడను, తీక్ష్ణంగా చేయించేవాటిలో జెముడు పాలను శ్రేష్ఠమైనవిగా చరకసంహిత పేర్కొంది.

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయలు కలిస్తే త్రిఫల అవుతుంది. కరక్కాయను తల్లితో పోల్చడం మన వైద్యసంప్రదాయంలో ఉంది. బతుకమ్మలో పేర్చే తంగేడు, విరేచనానికి వాడే సునాముఖి ఒకే ప్రజాతికి చెందిన మొక్కలు. ఈ విధంగా విరేచన ఔషధం మనకు పరాయిది కాదు. అది మన అడవిలో, పెరటిలో, వంటింట్లో ఉన్నదే.

అయితే చెట్టు నుంచి వచ్చినది కాబట్టి హాని చేయదనుకోవడం పొరపాటు. నేపాళం గింజలే ఇందుకు ఉదాహరణ. ఈ ఒక్క పేరుతో ఒకటికంటె ఎక్కువ మొక్కలను పిలవడం వల్ల ప్రమాదం మరింత పెరుగుతోంది. అడవి ఆముదమని కూడా పిలిచే మొక్కను 2003 ప్రాంతంలో జీవ ఇంధనం కోసం దేశమంతటా ప్రోత్సహించారు. దాని గింజలు రుచిగా ఉండడంతో పిల్లలు తిని, వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలైన ఘటనలు అనేకం ఉన్నాయి. ఆముదపు గింజలలో రిసిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. సరిగా తీసి శుద్ధిచేసిన ఆముదంలో ఆ విషం ఉండదు. అయినా పసిపిల్లలకు ఆముదం పట్టే ఆచారం మంచిది కాదు. నూనె పొరపాటున ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం కలుగుతుంది. గర్భిణులు ఆముదం తాగితే గర్భాశయంలో సంకోచాలు కలగవచ్చు. కాబట్టి వారు వైద్యుని సలహా లేకుండా దానిని వాడరాదు.

ప్రాచీనుల హెచ్చరిక

మందులకు దుష్ఫలితాలుంటాయన్న జ్ఞానం ఆధునిక కాలంలోనే కలిగిందని అనుకోరాదు. చరకసంహితలోని కల్పస్థానం వమనానికి 355, విరేచనానికి 245 యోగాలను, మొత్తం ఆరువందల యోగాలను వివరిస్తుంది. ఇన్ని యోగాలు చెప్పిన ఆ గ్రంథమే సిద్ధిస్థానంలో, ఈ చికిత్సలు వికటిస్తే కలిగే పది ఆపదలను కూడా వివరించింది. కడుపుబ్బరం ఆధ్మానం. కోసినట్లు వచ్చే నొప్పి పరికర్తిక. గుండె పట్టివేసినట్లుండడం హృద్గ్రహం. అవయవాలు పట్టుకుపోవడం గాత్రగ్రహం. మలంతో రక్తం పోవడం జీవాదానం. నీరసించి అలసిపోవడం క్లమం. సుశ్రుతసంహిత ఇటువంటి ఆపదలను పదిహేనుగా లెక్కించింది.

నేటి మందుల పొట్లాలలోని కరపత్రాలు కూడా ఉబ్బరం, నొప్పి, కండరాల పట్టివేత, నీరసం అనే లక్షణాలనే పేర్కొంటాయి. పేర్లు మారాయి గాని మానవదేహం మారలేదు. చికిత్స చెప్పినచోటనే దాని ప్రమాదాన్ని కూడా చెప్పడం ఆ గ్రంథకర్తల నిజాయితీకి నిదర్శనం.

ప్రేగులో జరిగే పని

మందు ఎందుకు వికటిస్తుందో తెలియాలంటే ప్రేగు చేసే పని తెలియాలి. మనం తాగే నీరు, లాలాజలం, జీర్ణరసాలు కలిసి రోజుకు సుమారు 9 లీటర్ల ద్రవం జీర్ణమార్గంలోకి చేరుతుంది. అందులో అధికభాగాన్ని చిన్నప్రేగు పీల్చుకుంటుంది. సుమారు లీటరున్నర పెద్దప్రేగుకు చేరుతుంది. పెద్దప్రేగు దానిలో చాలావరకు పీల్చుకోగా, చివరకు మలంతో పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే. మలం పెద్దప్రేగులో ఎక్కువకాలం నిలిస్తే నీరు ఎక్కువగా ఇంకిపోయి గట్టిపడుతుంది. ఇదే మలబద్ధకం.

రోజూ ఒకసారి విరేచనం కాకపోతే రోగమే అన్నది అపోహ. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకు కావడం సహజమేనని వైద్యశాస్త్రం చెబుతోంది. వారానికి మూడుసార్లకంటె తక్కువగా, గట్టిగా, కష్టంగా అయితేనే దానిని మలబద్ధకంగా భావించాలి.

నాలుగు వర్గాలు – వాటి గుణదోషాలు

విరేచన ఔషధాలలో ముఖ్యమైనవాటిని నాలుగు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటిది మలం పరిమాణాన్ని పెంచే వర్గం. ఇసబ్‌గోల్ పొట్టు ఇందులో ప్రసిద్ధమైనది. గుజరాత్, రాజస్థాన్‌లలో విస్తారంగా పండే ఈ పంట ఉత్పత్తిలో భారతదేశానిదే ప్రపంచంలో అగ్రస్థానం. ఈ పొట్టు నీటిని పీల్చి ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది. తొలి రోజులలో కడుపుబ్బరం, వాయువు కలగవచ్చు. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచితే ఈ బాధ తగ్గుతుంది. అన్నిటికంటె ముఖ్యమైనది నీరు. నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే తాగాలి. నీరు చాలకపోతే పొట్టు గొంతులోనో ప్రేగులోనో ఉండకట్టి అడ్డుపడుతుంది. పడుకోబోయే ముందు దీనిని తీసుకోరాదు. మింగడం కష్టమైనవారు, ప్రేగులో అడ్డంకి ఉన్నవారు వాడరాదు. ఇతర మందులకు, దీనికి కనీసం రెండు గంటల ఎడముండాలి.

రెండవది ప్రేగులోకి నీటిని ఆకర్షించే వర్గం. లాక్టులోజ్ పానకం, పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా ఈ కోవకు చెందినవి. లాక్టులోజ్ పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా పని చేయలేదని మోతాదు పెంచితే నీళ్ల విరేచనాలు తప్పవు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారి రక్తంలో మెగ్నీషియం పేరుకుపోయి మగత, కండరాల బలహీనత, గుండెలయలో మార్పు కలగవచ్చు. వారు మెగ్నీషియం కలిసిన మందులకు దూరంగా ఉండాలి.

మూడవది ప్రేగుకండరాలను ప్రేరేపించే వర్గం. సునాముఖి, బిసాకోడిల్ దీనికి చెందినవి. రాత్రి పడుకునే ముందు తీసుకుంటే ఆరు నుంచి పన్నెండు గంటలలో పనిచేస్తాయి. మెలిపెట్టే కడుపునొప్పి వీటి ప్రధానదోషం. నొప్పి కలిగితే మోతాదు తగ్గించాలి, లేదా మందు మార్చమని వైద్యుని అడగాలి. బిసాకోడిల్ మాత్రను నమలరాదు. పాలతోగాని, ఆమ్లహరాలతోగాని మింగరాదు. అలా చేస్తే మాత్రపై పూత జీర్ణాశయంలోనే కరిగి కడుపులో మంట పుడుతుంది. సునాముఖి వాడినప్పుడు మూత్రం రంగు మారితే భయపడనవసరం లేదు. మందు మానగానే అది తగ్గుతుంది.

నాలుగవది మలాన్ని మెత్తబరిచే, జారేటట్లు చేసే వర్గం. లిక్విడ్ పారఫిన్ ఇందుకు ఉదాహరణ. దీర్ఘకాలం వాడితే ఎ, డి, ఇ, కె విటమిన్లు దేహానికి అందకుండా పోతాయి. పసిపిల్లలకు, మంచం పట్టిన వృద్ధులకు ఇది ఊపిరితిత్తులలోకి జారే ప్రమాదం ఉంది.

మరొక మందు చరిత్ర విద్యార్థులకు ఆశ్చర్యం కలిగిస్తుంది. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో క్షారం తగలగానే గులాబిరంగుకు మారే ఫినాల్ఫ్తలీన్‌ను మీరు చూసే ఉంటారు. దాని విరేచనగుణం 1902లో హంగరీలో వెల్లడైంది. 20వ శతాబ్దంలో ఎక్కువకాలం దానిని విరేచన మాత్రలలో, చాక్లెట్లలో కలిపి అమ్మారు. జంతువులపై జరిపిన పరీక్షలలో క్యాన్సర్ కలిగిస్తుందని తేలడంతో అమెరికాలో 1990ల చివర దానిని ఆ మందుల నుంచి తొలగించారు. తరతరాలుగా వాడుకలో ఉండడం ఒక్కటే ఒక మందు నిరపాయకరమనడానికి సాక్ష్యం కాదని ఈ ఉదంతం నిరూపిస్తుంది.

విషవలయం

విరేచన ఔషధం ఒక్కసారిగా పెద్దప్రేగును ఖాళీ చేస్తే, అది తిరిగి నిండడానికి రెండు మూడు రోజులు పట్టడం సహజం. ఆ రోజులలో విరేచనం కాకపోతే మలబద్ధకం తిరిగి వచ్చిందని భ్రమపడి మళ్లీ మందు వేసుకుంటారు. ప్రేగు మళ్లీ ఖాళీ అవుతుంది, మళ్లీ ఆలస్యమవుతుంది, మళ్లీ మందు. ఈ విధంగా రోగం లేకున్నా మందు నిత్యకృత్యమవుతుంది. రెండు మూడు రోజులు ఓపిక పట్టడమే ఈ వలయాన్ని ఛేదించే ఉపాయం. చాలాకాలంగా వాడుతున్నవారు మాత్రం వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా మానుకోవాలి.

యువతను వేధించే మరొక భ్రమ ఉంది. బరువు తగ్గడానికి కొందరు రహస్యంగా ఈ మాత్రలు వాడుతారు. ఆహారంలోని శక్తి చాలావరకు చిన్నప్రేగులోనే దేహానికి చేరిపోతుంది. ఈ మాత్రలు ప్రధానంగా పనిచేసేది ఆ తరువాత వచ్చే పెద్దప్రేగులో. కాబట్టి తగ్గేది కొవ్వు కాదు, నీరు. నీరు తాగగానే ఆ బరువు తిరిగి వస్తుంది. కాని నీటితో పోయిన సోడియం, పొటాషియం లవణాల లోటు మిగిలిపోతుంది. పొటాషియం తగ్గితే కాళ్ల కండరాలు పట్టివేస్తాయి, నీరసం ఆవరిస్తుంది, గుండెలయ తప్పుతుంది. ఈ అలవాటు ప్రాణాల మీదకు తెచ్చిన సందర్భాలున్నాయి. మీ స్నేహితులలో ఎవరైనా ఈ దారిలో ఉంటే వారిని ఎగతాళి చేయకండి. నమ్మకమైన పెద్దవారికో, వైద్యునికో చెప్పేటట్లు ప్రోత్సహించండి. అది చాడీ కాదు, స్నేహధర్మం.

దుష్ఫలితాలు కలిగినప్పుడు

విరేచనాలు అధికమైతే మొదట మందు ఆపివేయాలి. పోయిన నీటిని, లవణాలను తిరిగి అందించాలి. ఇందుకు ఓ.ఆర్.ఎస్. మహౌషధం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతో ఎందరో కలరా రోగుల ప్రాణాలు నిలిపారు. పొట్లంపై సూచించిన కొలత ప్రకారం శుభ్రమైన నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగాలి. పొట్లం దొరకని గూడెంలో లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలుపుకోవచ్చు. ఉప్పు ఎక్కువైతే హాని కలుగుతుంది కాబట్టి కొలత తప్పరాదు.

నోరు ఎండడం, మూత్రం తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం నీరు తగ్గిందనడానికి గుర్తులు. స్పృహ మందగించడం, గుండె దడ, మలంలో రక్తం, ఆగని వాంతులు కనిపిస్తే అది అత్యవసర పరిస్థితి. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరాలి. వర్షాకాలంలో వాగులు పొంగి దారులు తెగే ప్రాంతాలలో ఇటువంటి నిర్ణయాన్ని రాత్రి పడేదాకా వాయిదా వేయరాదు.

మరొక ముఖ్యమైన హెచ్చరిక. కడుపునొప్పితో పాటు వాంతులు, జ్వరం ఉన్నప్పుడు విరేచన ఔషధం వేసుకోరాదు. అది ఉండుకము వాపు కావచ్చు. మీ వయసువారిలో అది తరచుగా కనిపించే వ్యాధి. "కడుపు శుభ్రపడితే నొప్పి పోతుంది" అని మందు ఇస్తే, వాచిన ఉండుకము పగిలే ప్రమాదం ఉంది. అలాగే వారం రోజులకు మించి విరేచన ఔషధం అవసరమైతే కారణం వెతకాలి. ఇనుము మాత్రలు, కొన్ని దగ్గు మందులు, కొన్ని ఆమ్లహరాలు మలబద్ధకం కలిగిస్తాయి. అంతమాత్రాన వైద్యుడు ఇచ్చిన ఇనుము మాత్రలను సొంతంగా మానరాదు. విషయం వైద్యునికి చెప్పాలి.

మందుకంటె ముందు

పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచుపదార్థం అవసరమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో సూచించింది. తెల్లగా మరపట్టిన బియ్యంలో పీచు తక్కువ. జొన్నరొట్టె, రాగి అంబలి, పప్పుదినుసులు, తోటకూర, చిక్కుడు, జామపండు ఆ లోటు తీరుస్తాయి. పీచుతో పాటు నీరు తాగాలి, నడవాలి.

వసతిగృహాలలో చదివే విద్యార్థులను ఇంకొక సమస్య బాధిస్తుంది. ఉదయం మరుగుదొడ్ల వద్ద బారులు, తరగతికి ఆలస్యమవుతుందన్న భయం, శుభ్రత లేదన్న సంకోచం కలిసి సహజవేగాన్ని ఆపుకొనేటట్లు చేస్తాయి. కొందరు విద్యార్థినులు నీరు తాగడమే తగ్గిస్తారు. వేగాలను ఆపుకోవడమే రోగాలకు మూలమని ఆయుర్వేదం ఒక అధ్యాయమంతా హెచ్చరించింది. ఇక్కడ కావలసిన మందు మాత్ర కాదు. తగినన్ని శుభ్రమైన మరుగుదొడ్లు, నిరంతరం నీటి సరఫరా, ఉదయం మరొక పావుగంట సమయం కావాలి. ఈ కోరిక అధ్యాపకులకు చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

రేలకాయ గుజ్జు తీసే అడవిబిడ్డకు ఎంత వేయాలో, ఎప్పుడు మానాలో తెలుసు. మందుల అంగడిలో మాత్ర కొనే విద్యావంతునికి ఆ రెండూ తెలియకపోతే చదువుకు సార్థకత లేదు. మందు పేరు తెలియడం సమాచారం. దాని హద్దు తెలియడం వివేకం.

కఠిన పదాలు – అర్థాలు

వమనం : వాంతి చేయించడం
యోగం : మందుల కూర్పు
ఆమ్లహరం : కడుపులోని పులుపును తగ్గించే మందు
ఉండుకము : పెద్దప్రేగు మొదట ఉండే చిన్న తోకవంటి భాగం
క్లమం : అలసట
సహజవేగం : మలమూత్రాదుల సహజమైన ఒత్తిడి
నిరపాయకరం : హాని చేయనిది

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. విరేచన ఔషధాలలోని నాలుగు వర్గాలను, వాటి దుష్ఫలితాలను వివరించండి.
2. "చెట్టు నుంచి వచ్చినది కాబట్టి హాని చేయదనుకోవడం పొరపాటు" – పాఠం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. విరేచన ఔషధాల వాడకం విషవలయంగా ఎలా మారుతుంది?
2. బరువు తగ్గడానికి ఈ మాత్రలు ఎందుకు పనికిరావు?
3. విరేచనాలు అధికమైనప్పుడు ఏమి చేయాలి?
4. మీ కళాశాల వసతిగృహంలో మలబద్ధకాన్ని నివారించడానికి అవసరమైన మార్పులను సూచిస్తూ ప్రధానాచార్యులకు లేఖ రాయండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. 'విరేచనం' అనే పదం ఏ ధాతువు నుంచి ఏర్పడింది?
2. చరకసంహిత చెప్పిన విరేచన యోగాలు ఎన్ని?
3. ఇసబ్‌గోల్ తీసుకునేటప్పుడు పాటించవలసిన ముఖ్యమైన జాగ్రత్త ఏమిటి?
4. కడుపునొప్పితో జ్వరం, వాంతులు ఉన్నప్పుడు విరేచన ఔషధం ఎందుకు వాడరాదు?

IV. సంధులు

ఆనందాతిరేకం = ఆనంద + అతిరేకం – సవర్ణదీర్ఘ సంధి
మహౌషధం = మహా + ఔషధం – వృద్ధి సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

V. సమాసాలు

నాలుగు వర్గాలు – నాలుగైన వర్గాలు – ద్విగు సమాసం
గుణదోషాలు – గుణమును, దోషమును – ద్వంద్వ సమాసం
స్నేహధర్మం – స్నేహము యొక్క ధర్మం – షష్ఠీ తత్పురుష సమాసం